లాలాగూడ కార్ఖానాలో చక్రపు వంపు

రైలుచక్రమును వృత్తమని చెప్పి ఊరకుండుట లోకవ్యవహారము. ప్రక్కనుండి చూచినచో అది వృత్తమే. లేత్ యంత్రముపై ఇనుమును త్రిప్పి పనిముట్టును ఆనించినవాడెవ్వడైనను వృత్తమును పుట్టింపగలడు. అందులో గొప్ప రహస్యమేమియు లేదు. కాని ఆ చక్రమును అంచునుండి ఇరుసు వరకు కోసి, కోసిన ముఖమును ఎదుట నుంచుకొని పరికించినవానికి కనబడు గీత వేరు. లోపలివైపున బొటనవ్రేలి వలె లేచిన ఫ్లాంజి, దాని శిఖరమున చిన్న గుండ్రదనము, అచ్చటినుండి నిటారుగా దిగు వాలు, వాలు అడుగున లోతైన మలుపు, ఆ మలుపు మెల్లమెల్లగా విప్పుకొని పట్టాపై కూర్చుండు తలముగా మారుట, తుదకు వెలుపలి అంచున చిన్న కొసకోత — ఇన్ని భాగములు అతుకు కనబడకుండ ఒకదానిలో నొకటి లీనమై యుండును. ఈ గీతకు గణితశాస్త్రమున ఒక్క పేరు లేదు. అది వృత్తము కాదు, దీర్ఘవృత్తము కాదు, పరావలయమును కాదు. పేరులేని ఇట్టి వంపును ఒక పనివాడు మరియొక పనివానికి ఎట్లు అప్పగింపవలెను, ఈ యేడు చేసిన చక్రమును పదియేండ్ల తరువాత చేయబోవు చక్రమును ఒక్క తీరున నుండునట్లు ఎట్లు చూడవలెను అను ప్రశ్న చిన్నదిగా తోచును గాని, దానికి సమాధానము వెదకుటలో యంత్రశిల్పచరిత్రయందలి ఒక పెద్ద అధ్యాయము గడచిపోయినది. ఆ అధ్యాయమును చదువుటకు హైదరాబాదు తూర్పుభాగమునకు మించి దూరము పోనక్కరలేదు.

సికింద్రాబాదునుండి మౌలాలీ దిక్కునకు పోవు పట్టాల వెంబడి మెట్టుగూడ, లాలాగూడ, దాని నానుకొని లాలాపేట, ఆగ్నేయముగా నాచారము, అటుపిమ్మట ఉప్పల్ గలవు. 1874లో వాడి జంక్షనునుండి సికింద్రాబాదునకు తొలి రైలుబండి వచ్చినప్పుడు ఈ ప్రాంతము పట్టణము కాదు. 1889లో ఆ మార్గము బెజవాడను చేరినది. బండ్లు పెరిగినవి, పరుగు పెరిగినది, అరుగుదలయు పెరిగినది. అరిగినదానిని సరిచేయుటకు 1893లో నైజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వేవారు లాలాగూడలో కార్ఖానాను నెలకొల్పిరి. దాని చుట్టును ఎఱ్ఱ ఇటుకల క్వార్టర్లు లేచినవి, కూత వినబడగనే గేటువైపు నడచు జనసమూహము ఏర్పడినది. 1930లో నిజాము ప్రభుత్వము రైల్వేను కంపెనీ చేతినుండి కొని తనదిగా చేసికొన్నది. 1951లో అది సెంట్రల్ రైల్వేలో కలిసినది. 1966 అక్టోబరు 2వ తేదీన దక్షిణమధ్య రైల్వే అవతరించినది. ఇట్లు యజమానులు మారిరి, బోర్డులపై లిపులు మారినవి, ఆవిరి ఇంజనులు వెడలిపోయినవి. అరిగిన చక్రమును మరల ఆకృతికి తెచ్చు పని మాత్రము ఆగలేదు.

ఆ ఆకృతికి అంత పట్టుదల యేలయని పాఠకుడు అడుగవచ్చును. రైలుచక్రముల జంట ఒకే ఇరుసునకు బిగింపబడి కలిసి తిరుగును. ఎద్దుబండి చక్రముల వలె దేని త్రోవ దానిది కాదు. పట్టా వంపు తిరిగినచోట వెలుపలి చక్రము ఎక్కువ దూరమును, లోపలి చక్రము తక్కువ దూరమును పోవలెను గదా. రెండును ఒకే ఇరుసుపై ఒకే లెక్కను తిరుగుచు అది ఎట్లు సాధ్యము? ఇందులకై చక్రతలమును సమముగా గాక 20కి 1 వాలుతో శంఖువు తునకవలె తీర్చిరి. జంట కొంచెము ప్రక్కకు జరిగినచో ఒక చక్రము పెద్ద వ్యాసముపైన, రెండవది చిన్న వ్యాసముపైన పొరలును. దానిచేత ఇరుసు తనంతట తానే నడుమకు మరలివచ్చును. ఫ్లాంజి బండిని నడిపించునని సామాన్యుల భావన. నిజమునకు ఫ్లాంజి ఆపత్కాలమున అడ్డుపడు కావలివాడే గాని, దారి చూపునది ఆ స్వల్పమైన వాలు. అయితే ఈ గుణమే దోషమునకును మూలము. నడుమకు వచ్చిన ఇరుసు అక్కడ నిలువక అవతలికి పోవును, మరల వచ్చును. ఇట్లు బండి పామువలె మెలికలు తిరుగును. ఆ మెలిక పొడవును వాలునుబట్టియు, చక్రవ్యాసార్ధమునుబట్టియు, పట్టాల నడిమి దూరమునుబట్టియు లెక్కగట్టు సూత్రమును 1883లో క్లింగెల్ అను జర్మను ఇంజనీరు ప్రకటించెను. వాలు హెచ్చినకొలది మెలిక కురుచయగును. వేగము హెచ్చినప్పుడు ఆ కురుచమెలికయే బోగీని ఊపివేయును. కావున మధ్యచ్ఛేదమున ఒక్క మిల్లీమీటరు తప్పినను దాని ఫలము వందల మైళ్ల పొడవున ప్రయాణికుల నడుములకు తెలియుచుండును.

ఇక ఆ గీతను కార్ఖానాలో నిలిపి యుంచిన విధము చెప్పవలెను. నకాశా యొకటి ఉండును. గుడ్డపై గీచి, నీలిప్రతులు తీసి, షాపులకు పంపుదురు. కాని లేత్ నడుపు టర్నరు నకాశాను చూచి చక్రమును కోయడు. ఆ వంపును నిజపరిమాణమున ఉక్కురేకుపై గీచి, కోసి, ఆకురాయితో తీర్చి, మెరుగుపెట్టి చేసిన ఫర్మాయే అతనికి ప్రమాణము. చక్రము ఒక విడత తిరిగినపిమ్మట ఫర్మాను చక్రపు లోపలి ముఖమునకు ఆనించి, వెనుకనుండి దీపము చూపుదురు. రేకునకును ఇనుమునకును నడుమ వెలుగు సన్నని దారముగా కనబడినచోట ఇంకను కోయవలసినది ఉన్నదన్నమాట. ఎచ్చటను వెలుగు చొరకున్నచో పని ముగిసినట్లు. ఉలిమొనను వంపు వెంట నడిపించుటకు చేతివాటము చాలని కాలమున నకలు లేత్‌లు వచ్చినవి. వాటియందు ఒక మీట ఫర్మా అంచును తడవుచు పోవును, ఉలి దాని వెంటనే పోవును. రేకుమీది గీత ఇనుముమీదికి దిగును. అనగా ఆ కాలమున వంపు యొక్క అసలైన నిర్వచనము కాగితముపైన గాని అంకెలలో గాని లేదు. అది పనిముట్ల గదిలో కొక్కెమునకు తగిలించిన రేకులో నుండెను. ఆ రేకు అరిగినచో చక్రములన్నియు అరిగిన రేకునే అనుసరించును. అందుచేత ప్రతి ఫర్మాకును ఒక మూలఫర్మా ఉంచి, దానిని వాడక భద్రపరచి, అప్పుడప్పుడు సరిచూచుకొనుట ఇట్టి కార్ఖానాలన్నిటను ఆచారము.

అయినను ఫర్మా మంచి చక్రమును గుర్తించుటకే పనికివచ్చును. చెడిన చక్రము ఎంతవరకు చెడవచ్చునో చెప్పుటకు అంకెలు కావలసివచ్చినవి. భారతీయ రైల్వేల పెద్దలైనునకు ఏర్పరచిన హద్దులను చూడుడు: కొత్త ఫ్లాంజి ఎత్తు 28.5 మిల్లీమీటర్లు, చక్రతలము అరిగి అది 35 మిల్లీమీటర్లు దాటినచో తీసివేయవలెను. ఫ్లాంజి శిఖరమునుండి 13 మిల్లీమీటర్లు దిగువన కొలిచిన మందము 16 మిల్లీమీటర్లకు తగ్గరాదు. శిఖరపు గుండ్రదనము వ్యాసార్ధము 5 మిల్లీమీటర్లకు తగ్గినచో ఫ్లాంజి కత్తివలె పదునైనదని అర్థము, బండి దారి మార్చు ముళ్ల యొద్ద అది పట్టాల సందున దూరును. ఫ్లాంజి వాలు అడుగున నుండు మొదలిమలుపు వ్యాసార్ధము 13 మిల్లీమీటర్లకు తగ్గరాదు. తలము అరుగుదలను చక్రపు లోపలి ముఖమునుండి 63.5 మిల్లీమీటర్ల దూరమున కొలువవలెను. ఈ నిబంధనలు వ్రాసినవారు వంపునంతను వర్ణింపలేదు. ఎచ్చట పట్టుకొని కొలువవలెనో ఆ స్థానములను ముందుగా నిర్ణయించి, ఆ స్థానముల వద్ద నాలుగైదు అంకెలను నిలిపిరి. మిగిలిన వంపు ఆ అంకెలకు లోబడి నడచునని నమ్మిరి. నేను ఈ చరిత్ర యంతటిలోను మిక్కిలి మెచ్చునది ఈ వివేకమునే.

ఈ వివేకము మన దేశమునకు పట్టాలతో వచ్చినది కాదు. 1163లో వెలసిన హనుమకొండ వేయిస్తంభముల గుడి యొద్దను, 1213 నాటి రామప్ప గుడి యొద్దను అధిష్ఠానపు వరుసలను చూచినవారికి పద్మము, కుముదము, కపోతము మున్నగు వంపుల మధ్యచ్ఛేదములు కనబడును. మానసారము, మయమతము వంటి శిల్పశాస్త్రగ్రంథములు వీనిని గజములలోను అంగుళములలోను బిగింపలేదు; అధిష్ఠానపు మొత్తపు ఎత్తును కొన్ని అంశములుగా విభజించి, ఈ వరుసకు ఇన్ని అంశములు, దీని ముందుకు పొడుచుకొనివచ్చుట ఇన్ని అంశములు అని విధించినవి. గుడి చిన్నదైనను పెద్దదైనను ఒక్క కొలత మార్చిన తక్కినవన్నియు తగినట్లు మారును. వంపు యొక్క సూక్ష్మమైన నడక మాత్రము స్థపతి చేతికే విడువబడినది, అది గ్రంథమునకు ఎక్కలేదు. ఇక గుడినుండి ఓడకు వచ్చినచో, విశాఖపట్టణమున 1941లో బాబూ రాజేంద్రప్రసాదు శంకుస్థాపన చేయగా సింధియా కంపెనీవారు కట్టిన ఓడల కార్ఖానాయందు, 1948లో జలఉష అను ఓడ నీటిలోనికి దిగిన ఆ దినములలో, సమస్య మరియొక రూపమున నుండెను. ఓడ కాయము ముక్కునుండి తోక వరకు ప్రతి అడుగునను వేరువేరు మధ్యచ్ఛేదములు గలది. ఆ కాలపు ఓడకట్టువారు విశాలమైన నేలపై నిజపరిమాణమున గీతలు గీచెడివారు. కొలిచి గుర్తుపెట్టిన బిందువుల మీదుగా సన్నని కర్రబద్దను వంచి, అది జారకుండ సీసపు బరువులు పెట్టి, బద్ద తనంతట తాను తీసికొన్న వంపును సుద్దతో దింపెడివారు. బద్ద తన స్వభావముచేత ఎచ్చటను అనవసరముగా మెలిక తిరుగదు. ఆ స్వభావమే వంపునకు శాస్త్రమైనది. నేటి కంప్యూటరులో స్ప్లైన్ అని పిలుచు గీతకు పేరును పుట్టుకను ఇచ్చినది ఈ బద్దయే.

మరల చక్రము వద్దకు వత్తము. ఇచ్చట ఒక చిత్రము జరిగినది. 20కి 1 వాలుతో క్రొత్తగా కోసిన చక్రము మొదటి కొన్ని వేల మైళ్లలో త్వరగా అరుగును. పట్టాకు దానికి స్పర్శ ఒక సన్నని చాలుమీదనే కలుగుటచేత ఆ చాలు లోతుపడును, ఫ్లాంజి మొదలు నలుగును. కొంతకాలమునకు చక్రము ఒకానొక ఆకృతికి వచ్చి, అటుపిమ్మట అరుగుట మందగించును. అరిగినను ఆకృతి చాలవరకు అదే నిలుచును. పట్టాయు చక్రమును ఒండొంటిని రాచుకొని తమకు నచ్చిన రాజీకి వచ్చినవన్నమాట. కార్ఖానావారు ఏమిచేయుచుండిరి? అరిగినదని ఆ చక్రమును తెచ్చి, లేత్ కెక్కించి, మరల శంఖువుగా కోసి, అది త్వరగా అరుగునట్టి మొదటి స్థితికి చేర్చి పంపుచుండిరి! జర్మనీయందు హాయ్‌మన్ అను ఆచార్యుడు 1930 ప్రాంతములలోనే ఈ వ్యర్థమును ఎత్తిచూపి, అరిగి స్థిరపడిన ఆకృతినే మొదటనుండి కోయుడని ఉపదేశించెను. భారతీయ రైల్వేలు గత శతాబ్దపు చివరి దశకములలో ఆ మార్గము త్రొక్కి, అరిగిన చక్రపు ఆకృతినే ప్రమాణముగా స్వీకరించినవి. అప్పటివరకు లోపమని లెక్కించినదానిని నకాశాకు ఎక్కించుట సామాన్యమైన మార్పు కాదు.

అయితే ప్రకృతి గీచిన గీతను మనుష్యుడు ఎట్లు పట్టుకొనవలెను? అరిగిన చక్రములను వందల బిందువుల వద్ద కొలిచి, ఆ బిందువులన్నిటి మీదుగా ఒక గీతను నడిపినచో పని యగునని తోచును. కాని కొలతలో దొర్లిన చిన్న చిన్న తప్పులుకూడ ఆ గీతలోనికి ఎక్కి, నునుపైన ఇనుముపై లేని అలలు కాగితముపై పుట్టును. అందుచేత ఇంజనీర్లు ఆ రూపమును కొలదిపాటి వృత్తచాపములుగా విడదీసిరి. పెద్ద వ్యాసార్ధపు చాపము చిన్న వ్యాసార్ధపు చాపమును కలియుచోట రెంటికిని స్పర్శరేఖ ఒక్కటే యని కట్టడి చేసిరి. అంతటితో వందల బిందువులు పోయి, కొన్ని వ్యాసార్ధములు, రెండు వాలులు, స్పర్శనియమము మిగిలినవి. పట్టా తలయు ఇట్టిదే: 172 మిల్లీమీటర్ల ఎత్తు, 150 మిల్లీమీటర్ల పాదము గల 60 కిలోల పట్టాకు నడినెత్తిపై 300 మిల్లీమీటర్ల వ్యాసార్ధపు చాపము, దానికి ఇరుప్రక్కల 80 మిల్లీమీటర్లది, భుజముల వద్ద 13 మిల్లీమీటర్లది. ఈ మూడు అంకెలు చెప్పిన పట్టాతల చెప్పినట్లే.

ఇందులో నొక మర్మము గలదు. 300 వ్యాసార్ధపు చాపము 80 వ్యాసార్ధపు చాపముతో కలియుచోట దిశ తెగదు గాని వక్రత ఒక్కసారిగా దుమికిపోవును. వ్రేలితో తడవినచో తెలియదు, కంటికి కనబడదు. చక్రమును పట్టాయు ఒండొంటిని తాకు తావు చేతిగోరు పాటి వైశాల్యము గలది. టన్నుల భారము ఆ చిన్నతావు మీద నిలుచును. దాని పరిమాణమును భారముతోపాటు వక్రతలును నిర్ణయించునని 1882లో హెర్ట్జ్ నిరూపించెను. కావున కంటికి కనబడని ఆ దుముకుడు ఇనుమునకు తెలియును. మోటారుకారు పైకప్పున వెలుతురు విరిగి కనబడునేమో యని వక్రతను సరిచేయువారు సౌందర్యమునకై చేయుదురు. పట్టాపై అదియే ఆయుర్దాయపు ప్రశ్న.

ఇట్టి ఆలోచనలకు యంత్రము తోడైన వృత్తాంతము సుప్రసిద్ధము గనుక వడిగా చెప్పెదను. ఫ్రాన్సున సిత్రోయెన్ కంపెనీలో 1959లో ద కాస్తెల్జో, తరువాత రెనో కంపెనీలో బెజియే, కొన్ని నియంత్రణబిందువులను కదలించి వంపును మలచు గణితమును కనుగొనిరి. 1963లో అమెరికాయందు ఐవాన్ సదర్లాండ్ తెరపై గీతలు గీచుటయే గాక, ఈ రెండు గీతలు సమాంతరములు, ఈ రెండు సమానములు అని నియమములు విధింపగల ఉపకరణమును చూపెను. 1988లో గైస్‌బర్గ్ అను గణితవేత్త స్థాపించిన కంపెనీ ప్రో-ఇంజనీర్ అను సాధనమును విడుదల చేసినది. కొలతయే ప్రభువు, ఆకృతి దాని పరివారము అను పద్ధతి దానితో కార్ఖానాలకు వచ్చినది. బాలానగరున 1968లో వెలసిన కేంద్ర పనిముట్ల నమూనా సంస్థ ఫర్మాలు, అచ్చులు, డైలు చేయు విద్యను మన యువకులకు నేర్పుచుండెను, 1991లో బి.వి.ఆర్. మోహన్ రెడ్డి హైదరాబాదున స్థాపించిన ఇన్ఫోటెక్ సంస్థ పరదేశపు కంపెనీల యంత్రభాగములకు కంప్యూటరు నకాశాలు సిద్ధపరచు వృత్తికి త్రోవ తీసినది. నేడు నాచారము, ఉప్పల్ పారిశ్రామికవాడలలో అద్దెగదిలో రెండు కంప్యూటర్లు పెట్టుకొని డైలు గీచియిచ్చు కుఱ్ఱవానికి స్పర్శనియమము, వక్రతానియమము అను మాటలు నిత్యవ్యవహారము.

అయినను సాధనము చేతికి వచ్చినంతమాత్రమున విద్య వచ్చినట్లు కాదు. చక్రపు మధ్యచ్ఛేదమును గీయుమన్నచో కొందరు ఇరువది బిందువులు పెట్టి వాని మీదుగా స్ప్లైన్ లాగి, చూపునకు బాగున్నదని సంతోషింతురు. ఫ్లాంజి మందము ఒక మిల్లీమీటరు తగ్గింపుమన్నప్పుడు ఇరువది బిందువులను ఒక్కొక్కటిగా జరుపలేక తలపట్టుకొందురు. తెలిసినవాడు మొదట చక్రపు లోపలి ముఖమును ఆధారరేఖగా నిలిపి, 63.5 దూరమున తలబిందువును గుర్తించి, శిఖరమునకు 13 దిగువన ఫ్లాంజి మందమును పాలకకొలతగా ఉంచి, చాపములను స్పర్శనియమములతో ముడివేయును. పాతకాలపు గేజి పట్టుకొన్న స్థానములే ఇచ్చటను ఆధారములైనవి.

దీని ప్రయోజనము లెక్కలోనే కనబడును. ఫ్లాంజి వాలు 2.5కు 1 పాటిది. అనగా అరిగి పలుచబడిన ఫ్లాంజికి ఒక మిల్లీమీటరు మందమును తిరిగి తెచ్చుటకు చక్రతలమును రెండున్నర మిల్లీమీటర్లు లోతుగా కోయవలెను. వ్యాసము అయిదు మిల్లీమీటర్లు పోవును. ఫ్లాంజిని ప్రతిసారి క్రొత్తదాని మందమునకే తెత్తుమన్నచో మంచి ఉక్కు పొట్టుగా రాలిపోయి, చక్రపు ఆయువు సగములోనే తీరును. అందుచేతనే ఫ్లాంజి మందమును మెట్లుమెట్లుగా తగ్గించి మధ్యస్థాకృతులను ఏర్పరచిరి. వాలు మారదు, మొదలిమలుపు మారదు, చాపముల కూడిక మారదు. మందమను ఒక్క కొలత మాత్రము మారును. ఉక్కురేకుల కాలమున ప్రతి మెట్టునకు వేరు ఫర్మా కోసి కొక్కెమునకు తగిలింపవలసివచ్చెడిది. నేడు అంకెల లేత్ అరిగిన చక్రమును ముందుగా తడవి చూచి, ఏ మెట్టునకు కోసినచో ఉక్కు తక్కువ పోవునో లెక్కగట్టి, ఆ గీత వెంట ఉలిని నడుపును.

ఆ లెక్క ఒక్క చక్రముతో తీరదు. ఒకే ఇరుసుపైనున్న రెండు చక్రముల వ్యాసములకు భేదము కోతపిమ్మట అర మిల్లీమీటరు మించరాదు. బోగీ క్రింద నుండు ఒకే ట్రాలీలోని వాటికి 5 మిల్లీమీటర్లు, ఒకే బోగీలోని వాటికి 13 మిల్లీమీటర్లు మించరాదు. ఒక చక్రపు ఫ్లాంజి పలుచబడినదని దానిని కోసినచో దాని జోడీ ఎంత బాగుండినను దానిని కూడ కోయవలెను. ఆ జంట మిగుల చిన్నదైనచో దానిని ఆ ట్రాలీనుండి తప్పించి సరిజోడు కలుగుచోట వేయవలెను. కాలికమరమ్మతునకు వచ్చిన బోగీల చక్రములను షెడ్డులో వరుసగా నిలిపి, వ్యాసములను సుద్దతో వ్రాసి, జంటలను ఏర్చి కూర్చు పనివాడు ఈ నియమములన్నిటిని ఒక్కసారిగా తలలో నుంచుకొని తిరుగుచుండును.